అణు హెచ్చరికలను ఎలా చదవాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

రెండు దేశాల మధ్య ఉద్రిక్తత పెరిగినప్పుడల్లా ఎవరో ఒక నాయకుడు అణ్వాయుధాల ప్రస్తావన తేవడం, అది పతాక శీర్షికలకు ఎక్కడం పరిపాటిగా మారింది. ఆ మాటల్లో బరువెంత, బడాయి ఎంత అని తేల్చుకోవాలనుకునేవారు సాధారణంగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు ఉన్నాయి. హెచ్చరికలోని విశేషణాలను పక్కనపెట్టి, అందులోని షరతు ఏమిటో, దాని వెనుక నిజంగా ఏం కదిలిందో చూడాలన్నది ఈ సమాధానాలన్నింటికీ ఆధారమైన దృష్టి.

అణు నిరోధం అంటే ఏమిటి?

దాడికి దిగితే కలిగే లాభం కన్నా చెల్లించవలసిన మూల్యం ఎన్నో రెట్లు ఎక్కువగా ఉంటుందని ప్రత్యర్థిని ముందుగానే నమ్మించి, ఆ ఆలోచనను అతనే మానుకునేలా చేయడాన్ని నిరోధం అంటారు. ఆ మూల్యం అణ్వాయుధాల రూపంలో ఉంటే అది అణు నిరోధం. ఆయుధాలు చేతిలో ఉన్నంత మాత్రాన నిరోధం ఏర్పడదు. శత్రువు మొదటి దెబ్బ కొట్టిన తర్వాత కూడా ఎదురుదెబ్బ తీయగలిగినన్ని ఆయుధాలు మిగలాలి, వాటిని ప్రయోగించే తెగువ మనకు ఉందని అతడు నమ్మాలి, ఏ గీత దాటితే ఆ దెబ్బ పడుతుందో అతనికి అర్థం కావాలి. అణు క్షిపణులు మోసే జలాంతర్గాములకు అంత ప్రాధాన్యం దక్కడానికి కారణం ఇదే. సముద్ర గర్భంలో తిరిగే నౌకలన్నింటినీ మొదటి దెబ్బలోనే వెతికి పట్టుకుని ధ్వంసం చేయడం దాదాపు అసాధ్యం.

చాలామంది మరచిపోయే అంశం ఇంకొకటి ఉంది. గీత దాటకపోతే దెబ్బ పడదన్న భరోసా కూడా ప్రత్యర్థికి ఉండాలి. ఊరకున్నా కొడతారని భయపడినవాడు ఊరకుండడు, తానే ముందు కొట్టాలని చూస్తాడు.

ప్రస్తుతం ఎన్ని దేశాల వద్ద, ఎన్ని అణ్వాయుధాలు ఉన్నాయి?

అమెరికా, రష్యా, చైనా, ఫ్రాన్స్, బ్రిటన్, భారత్, పాకిస్తాన్, ఇజ్రాయెల్, ఉత్తర కొరియా కలిపి తొమ్మిది దేశాలు. స్టాక్‌హోంలోని శాంతి పరిశోధన సంస్థ సిప్రి అంచనా ప్రకారం 2025 జనవరి నాటికి ప్రపంచంలో 12,241 వార్‌హెడ్లు (క్షిపణి లేదా బాంబులోని అణు పేలుడు భాగాలు) ఉండగా, వాటిలో పది వేలకు పైగా అమెరికా, రష్యాల చేతుల్లోనే ఉన్నాయి. 1980ల మధ్యలో ఈ సంఖ్య దాదాపు 70,000. ఇజ్రాయెల్ తన వద్ద అణ్వాయుధాలు ఉన్నాయని గానీ లేవని గానీ అధికారికంగా చెప్పలేదు.

బెదిరింపులు లేకుండా నిరోధం సాధ్యమేనా?

సాధ్యమే. నిజానికి నిరోధంలో అధిక భాగం మౌనంగానే సాగుతుంది. బ్రిటన్ 1969 నుంచి కనీసం ఒక అణు క్షిపణుల జలాంతర్గామిని నిరంతరం సముద్రంలో ఉంచుతోంది. అది ఎక్కడ ఉందో చెప్పదు, ఉందన్న సంగతిని రోజూ గుర్తు చేయదు. మాటలు పెరిగాయంటే ఉన్న ఏర్పాటు సరిపోదన్న భయమైనా ఉండాలి, లేదా ఆ ఆయుధాలతో నిరోధానికి మించిన పని చేయించుకోవాలన్న కోరికైనా ఉండాలి.

ఈ రెండోదాన్ని వేరుగా గుర్తించడం అవసరం. ‘నా మీదికి రావద్దు’ అనడం నిరోధం. ‘ఆ భూభాగం ఖాళీ చేయి’, ‘అతనికి సాయం ఆపు’ అనడం ఒత్తిడి. మొదటిది ఉన్న స్థితిని కాపాడుకోవడానికి ఉద్దేశించింది కాబట్టి వినేవారికి నమ్మదగినదిగా ఉంటుంది, లొంగినవాడికి పరువు పోదు. రెండోది ప్రత్యర్థిని అందరి ఎదుటా తలవంచమంటుంది కాబట్టి అంత తేలికగా ఫలించదు. అణ్వాయుధాలు మొదటి పనికి ఉపయోగపడినంతగా రెండో పనికి ఉపయోగపడలేదనే 1945 తర్వాతి చరిత్ర చెబుతోందని నా అభిప్రాయం.

ఒక దేశాధినేత అణ్వాయుధాల మాట ఎత్తగానే యుద్ధం దగ్గరపడిందని భావించాలా?

ఆ ఒక్క మాటతో అలా భావించనవసరం లేదు. మాట్లాడింది ప్రయోగానికి ఆదేశం ఇవ్వగల వ్యక్తా, లేక టీవీ చర్చలో కూర్చున్న పార్లమెంటు సభ్యుడా అన్నది మొదట చూడాలి. 2023 నవంబరులో ఇజ్రాయెల్ మంత్రి ఒకరు గాజాపై అణుబాంబు వేయడం కూడా ఒక మార్గమేనన్న అర్థంలో మాట్లాడినప్పుడు, ఆ దేశ ప్రధాని అతన్ని మంత్రివర్గ సమావేశాలకు రాకుండా పక్కనపెట్టారు. ఆ మంత్రికి అణు నిర్ణయాలతో ఏ సంబంధమూ లేదు. అయినా ప్రపంచమంతా ఆ మాటే మారుమోగింది.

ఆ తర్వాత చూడవలసింది కదలికలను. 2022 ఫిబ్రవరి 27న రష్యా అధ్యక్షుడు పుతిన్ పొడవాటి బల్లకు ఒక చివర కూర్చుని, మరో చివర ఉన్న రక్షణ మంత్రిని, సైన్యాధిపతిని ఉద్దేశించి, నిరోధక బలగాలను ‘ప్రత్యేక యుద్ధ విధి’ స్థితికి తేవాలని కెమెరాల ముందు ఆదేశించారు. అంతవరకూ ప్రజలు వినని పదబంధం అది. మరుసటి రోజు రష్యా రక్షణ శాఖ చెప్పిన దాన్ని బట్టి చూస్తే, దాని అర్థం విధుల్లో ఉండే సిబ్బందిని పెంచడమే. గిడ్డంగుల నుంచి వార్‌హెడ్లు బయటికి వచ్చిన జాడ గానీ, మామూలును మించి జలాంతర్గాములు కదిలిన జాడ గానీ తమకు కనిపించలేదని అమెరికా ప్రకటించింది. తన అప్రమత్తత స్థాయిని మార్చకపోగా, ముందే నిర్ణయించి ఉన్న మినిట్‌మన్ క్షిపణి పరీక్షను వాయిదా వేసి, ఆ తర్వాత రద్దు చేసింది. ఆ ఆదేశం వచ్చిన రోజున పత్రికల్లో కనిపించిన భయానికీ, వాస్తవంగా నేల మీద జరిగిన మార్పుకూ పొంతన లేదు. అలాగని ఆ ఆదేశం ఉత్తదేనని కూడా అనలేము, ఎందుకంటే అది చేరవలసిన చోటికి చేరింది, పాశ్చాత్య రాజధానుల్లో ప్రతి ఆయుధ సరఫరా నిర్ణయాన్నీ ఒకటికి పదిసార్లు ఆలోచించేలా చేసింది.

హెచ్చరికలోని షరతుకు అంత ప్రాముఖ్యం ఎందుకు?

షరతు లేని బెదిరింపు వట్టి తిట్టు. ‘ఫలానా పని చేస్తే ఫలానాది జరుగుతుంది’ అన్న వాక్యంలో మొదటి సగమే వినేవాడికి దారి చూపుతుంది.

దీనికి, ఇరాక్ కువైట్‌ను ఆక్రమించాక 1991లో జరిగిన ఉదంతాన్ని మించిన ఉదాహరణ దొరకదు. ఆ ఏడాది జనవరి 9న జెనీవాలో అమెరికా విదేశాంగ మంత్రి జేమ్స్ బేకర్, ఇరాక్ విదేశాంగ మంత్రి తారిఖ్ అజీజ్ చేతికి అధ్యక్షుడు బుష్ సద్దాం హుస్సేన్‌కు రాసిన లేఖను అందించారు. అజీజ్ దాన్ని చదివి, అందులోని భాష దేశాధినేతల మధ్య ఉండవలసింది కాదంటూ తీసుకువెళ్లడానికి నిరాకరించారు. లేఖలో మూడు గీతలు ఉన్నాయి. రసాయన, జీవాయుధాలు వాడకూడదు. కువైట్ చమురు బావులను ధ్వంసం చేయకూడదు. ఉగ్రవాద చర్యలకు పాల్పడకూడదు. వీటిలో ఏది జరిగినా ‘ఘోరమైన మూల్యం’ తప్పదని హెచ్చరిక. అణ్వాయుధం అన్న మాట ఎక్కడా లేదు, కానీ ఆ అర్థం స్ఫురించకుండా ఉండదు.

యుద్ధంలో ఇరాక్ రసాయన ఆయుధాలు వాడలేదు. చమురు బావులను మాత్రం తగలబెట్టింది. ఆరు వందలకు పైగా బావులు నెలల తరబడి మండాయి. అయినా అణు ప్రయోగం జరగలేదు, జరిగేదీ కాదు, ఎందుకంటే అణ్వాయుధాలు వాడకూడదని బుష్ ముందే నిర్ణయించుకున్నారని ఆ తర్వాత బేకర్ స్వయంగా వెల్లడించారు. ఒకే లేఖ, ఒకే హెచ్చరిక. ఒక గీత నిలిచింది, మరొకటి చెరిగిపోయింది. రసాయన దాడికి ప్రతిగా అమెరికా ఎంతకైనా తెగిస్తుందని బాగ్దాద్ ఊహించగలిగింది, చమురు బావుల కోసం తెగిస్తుందని మాత్రం నమ్మలేదు. భయంకరమైన షరతు పక్కనే అంతకన్నా తక్కువ స్థాయి షరతులను చేర్చితే మొత్తం హెచ్చరికే పలుచబడుతుందని ఈ ఉదంతం నుంచి గ్రహించవచ్చు. గీతలు ఎంత ఎక్కువైతే, ప్రతి గీతా అంత సన్నబడుతుంది.

అలాంటప్పుడు నాయకులు స్పష్టంగా చెప్పకుండా డొంకతిరుగుడుగా ఎందుకు మాట్లాడతారు?

స్పష్టత రెండు వైపులా పదునున్న కత్తి. గీత ఎక్కడుందో కచ్చితంగా చెప్పేస్తే, ప్రత్యర్థి ఆ గీతకు అంగుళం ఇవతల వరకు నిర్భయంగా వస్తాడు. పైగా గీత దాటిన రోజున మాట నిలబెట్టుకోవడమో, పరువు పోగొట్టుకోవడమో తప్ప మూడో దారి మిగలదు. అందుకే అమెరికా ‘అత్యంత అసాధారణ పరిస్థితులు’ అంటుంది, ఫ్రాన్స్ ‘కీలక ప్రయోజనాలు’ అంటుంది, అవి ఏమిటో మాత్రం విప్పి చెప్పదు. 2022 అక్టోబరులో ఫ్రాన్స్ అధ్యక్షుడు మాక్రాన్ ఒక టీవీ ఇంటర్వ్యూలో, ఉక్రెయిన్‌లో రష్యా అణ్వాయుధం వాడితే అది తమ కీలక ప్రయోజనాల పరిధిలోకి రాదన్న భావంతో జవాబిచ్చి విమర్శలపాలయ్యారు. ఆయన చెప్పింది అబద్ధం కాదు. చెప్పకుండా ఉండవలసిన నిజం.

అస్పష్టతకూ ఒక మూల్యం ఉంది. గీత ఎక్కడుందో తెలియనివాడు పొరపాటున దాటవచ్చు.

అణు బెదిరింపు వట్టి బుకాయింపని బయటపడిన సందర్భాలు ఉన్నాయా?

ఉన్నాయి. వాటిలో అతి పెద్దది సోవియట్ నేత నికితా క్రుశ్చేవ్‌ది, దాని మూలం 1956లో ఉంది. ఆ ఏడాది బ్రిటన్, ఫ్రాన్స్, ఇజ్రాయెల్ కలిసి సూయజ్ కాలువ వివాదంలో ఈజిప్టుపై దండెత్తినప్పుడు, నవంబరు 5న సోవియట్ ప్రధాని బుల్గానిన్ లండన్, పారిస్‌లకు లేఖలు రాసి రాకెట్ దాడి సంగతిని పరోక్షంగా గుర్తు చేశారు. ఒకటి రెండు రోజుల్లోనే కాల్పుల విరమణ కుదిరింది. వాస్తవానికి లండన్‌ను దిగివచ్చేలా చేసింది అమెరికా ఆర్థిక ఒత్తిడి. పౌండు విలువ పడిపోతున్న వేళ సాయం అందకుండా వాషింగ్టన్ అడ్డుపడింది. మాస్కో మాత్రం తన రాకెట్ల మాటకే వాళ్లు జడిశారని భావించింది.

తప్పుడు పాఠం నేర్చుకున్నవాడు దాన్నే మళ్లీ ప్రయోగిస్తాడు. 1957లో తొలి కృత్రిమ ఉపగ్రహం స్పుత్నిక్ ఎగిరాక క్రుశ్చేవ్ తమ ఫ్యాక్టరీల నుంచి క్షిపణులు పుంఖానుపుంఖాలుగా వస్తున్నాయని చెప్పుకోవడం మొదలుపెట్టారు. 1958 నవంబరులో పశ్చిమ బెర్లిన్ నుంచి సేనలను ఉపసంహరించుకోవాలని పాశ్చాత్య దేశాలకు ఆరు నెలల గడువు పెట్టారు. అప్పట్లో అమెరికాను తాకగల సోవియట్ క్షిపణులు చేతివేళ్ల మీద లెక్కపెట్టదగినన్ని కూడా లేవు. 1960 ఆగస్టు నుంచి ‘కరోనా’ అనే అమెరికా నిఘా ఉపగ్రహాలు తీసిన ఛాయాచిత్రాలు ఈ మేకపోతు గాంభీర్యాన్ని బట్టబయలు చేశాయి. 1961 అక్టోబరు 21న అమెరికా రక్షణ శాఖ ఉప మంత్రి గిల్‌పాట్రిక్ ఒక బహిరంగ ప్రసంగంలో, మొదటి దెబ్బ తిన్న తర్వాత కూడా తమ వద్ద మిగిలే బలం సోవియట్ మొదటి దెబ్బ కన్నా తక్కువేమీ కాదని, అంటే మీ లెక్క మాకు తెలిసిపోయిందని, నాగరికమైన భాషలో చెప్పేశారు.

బుకాయింపు బయటపడితే ముప్పు తొలగిపోతుందనుకోవడం సహజం. ఇక్కడ జరిగింది అందుకు విరుద్ధం. బయటపడిన లోటును పూడ్చుకోవాలన్న తొందర, మరుసటి ఏడాది క్యూబాలో రహస్యంగా క్షిపణులు మోహరించడానికి దారితీసిన కారణాల్లో ఒకటి.

ఉక్రెయిన్ యుద్ధంలో రష్యా హెచ్చరికలు పనిచేశాయా?

దేనికి పనిచేశాయన్న దానిపై సమాధానం ఆధారపడి ఉంటుంది. 2022 ఫిబ్రవరి 24న పుతిన్, తమకు అడ్డువచ్చేవారు చరిత్రలో ఎన్నడూ చూడని పరిణామాలు ఎదుర్కొంటారని హెచ్చరించారు. నాటో దేశాల సైన్యాలు ఉక్రెయిన్ పక్షాన యుద్ధంలోకి దిగలేదు, గగనతలంపై విమాన నిషేధ మండలం విధించాలన్న కీవ్ అభ్యర్థనను ఒప్పుకోలేదు. అణ్వస్త్ర దేశంతో నేరుగా తలపడకూడదన్న జాగ్రత్త అందులో స్పష్టంగా ఉంది. అదే జాగ్రత్త రష్యా వైపూ ఉంది. పోలండ్ మీదుగా ఆయుధాలు వెళుతున్నాయని తెలిసినా, రష్యా ఆ దేశంలోని స్థావరాలపై దాడి చేయలేదు. నిరోధం రెండు వైపులా పనిచేసిందనే చెప్పాలి.

ఆయుధ సరఫరాను ఆపించడంలో మాత్రం హెచ్చరికలు ఆలస్యాన్నే సాధించాయి. 2022 వేసవిలో హిమార్స్ రాకెట్ వ్యవస్థలు, 2023 జనవరిలో పాశ్చాత్య ట్యాంకులకు అనుమతి, 2024లో ఎఫ్-16 విమానాలు, అదే ఏడాది నవంబరులో రష్యా భూభాగం లోపలికి అమెరికా క్షిపణుల ప్రయోగం, ఇలా ఒక్కొక్క గీతా దాటుతూనే పోయారు. 2022 సెప్టెంబరు 21న పుతిన్ ప్రాదేశిక సమగ్రతకు ముప్పు వస్తే అన్ని సాధనాలూ వాడతామని, ఇది బుకాయింపు కాదని అన్నారు. ఆ నెల 30న నాలుగు ఉక్రెయిన్ ప్రాంతాలను రష్యాలో కలుపుకున్నట్లు ప్రకటించారు. ఆ ప్రకటన ప్రకారం రష్యా భూభాగమైన ఖేర్సన్ నగరం నవంబరు 11న తిరిగి ఉక్రెయిన్ చేతికి వచ్చింది. ఇది బుకాయింపు కాదని చెప్పవలసి రావడంలోనే ఒక బలహీనత ఉంది, ఎందుకంటే నమ్మేవాడికి ఆ మాట చెప్పనక్కరలేదు.

అంతమాత్రాన ఆ శరదృతువును తేలికగా కొట్టిపారేయడం తగదు. ఖేర్సన్ దగ్గర రష్యా సేనలు చిక్కుకుపోయే పరిస్థితి వచ్చినప్పుడు వాషింగ్టన్‌లో నిజమైన ఆందోళన కనిపించింది. అణ్వాయుధం వాడితే వినాశకర పరిణామాలు తప్పవని రష్యాకు నేరుగా తెలియజేసినట్లు అమెరికా జాతీయ భద్రతా సలహాదారు ప్రకటించారు. నవంబరు 14న అంకారాలో సీఐఏ అధిపతి బర్న్స్ రష్యా విదేశీ గూఢచార సంస్థ అధిపతి నరిష్కిన్‌ను కలిసి ఇదే విషయం ముఖాముఖి చెప్పారు. ఆ మరుసటి రెండు రోజుల్లో బాలిలో జరిగిన జీ-20 సదస్సు ప్రకటనలో, అణ్వాయుధాల ప్రయోగమే గాక, ప్రయోగిస్తామని బెదిరించడం కూడా ఆమోదయోగ్యం కాదన్న వాక్యం చేరింది. అదే నెలలో చైనా అధ్యక్షుడు షీ జిన్‌పింగ్ జర్మనీ ఛాన్సలర్ సమక్షంలో అదే మాట అన్నారు. మాస్కోపై ఎక్కువ ప్రభావం చూపింది ఏది? నా దృష్టిలో అమెరికా హెచ్చరికకు తీసిపోని బరువు చైనా అసమ్మతికి ఉంది, అప్పటికి రష్యాకు మిగిలిన పెద్ద ఆసరా అదే కాబట్టి.

2024 నవంబరు 19న రష్యా తన అణు విధానాన్ని సవరించి, ప్రయోగానికి దారితీసే పరిస్థితిని ‘దేశ అస్తిత్వానికి ముప్పు’ నుంచి ‘సార్వభౌమత్వానికి లేదా ప్రాదేశిక సమగ్రతకు తీవ్ర ముప్పు’ స్థాయికి దించింది. కాగితం మీద గీత ముందుకు జరిగింది. అప్పటికే ఉక్రెయిన్ సేనలు మూడు నెలలుగా రష్యాలోని కుర్స్క్ ప్రాంతంలో ఉన్నాయి.

‘చిన్న’ అణ్వాయుధాలు అంటే ఏమిటి?

సుదూర లక్ష్యాలకు గాక యుద్ధరంగానికి ఉద్దేశించిన తక్కువ శ్రేణి ఆయుధాలను అలా పిలుస్తుంటారు. ఆ పేరు మోసపుచ్చేది. హిరోషిమాపై వేసిన బాంబు శక్తి దాదాపు 15 కిలోటన్నులు. ఇప్పుడు ‘చిన్నవి’ అని పిలిచే వాటిలో కొన్ని అంతకన్నా శక్తిమంతమైనవి.

‘మేము ముందుగా ప్రయోగించం’ అన్న హామీని నమ్మవచ్చా?

హామీగా నమ్మడం కన్నా, దాని చుట్టూ ఉన్న ఏర్పాట్లను చూసి అంచనా వేయడం మేలు. చైనా 1964లో మొదటి పరీక్ష జరిపిన రోజు నుంచీ ఈ మాట మీద ఉంది. సోవియట్ యూనియన్ 1982లో ఇదే హామీ ఇచ్చింది, 1993లో రష్యా దాన్ని వదిలేసింది. ఎందుకు? ప్రచ్ఛన్న యుద్ధకాలంలో సంప్రదాయ (అణ్వాయుధేతర) సైనిక బలంలో సోవియట్ పక్షానిది పైచేయి, అందువల్ల అణు సంయమనం వారికి లాభించేది. ఆ బలం కుప్పకూలాక లెక్క తిరగబడింది. అదే కారణంతో, ఒకప్పుడు సోవియట్ ట్యాంకులకు భయపడిన నాటో ముందుగా ప్రయోగించే హక్కును ఎన్నడూ వదులుకోలేదు. మాట మారడానికి ముందు బలాబలాలు మారతాయి.

భారత్, పాకిస్తాన్‌ల మధ్య అణు భాష ఎలా ఉంది?

రెండింటి విధానాలూ వేర్వేరు అవసరాల నుంచి పుట్టాయి. 2003 జనవరి 4న భారత ప్రభుత్వం ప్రకటించిన విధానం ప్రకారం భారత్ ముందుగా ప్రయోగించదు, తనపై అణుదాడి జరిగితే మాత్రం భరించలేని నష్టం కలిగించేలా భారీ ప్రతీకారం తీర్చుకుంటుంది, ఆ నిర్ణయం పౌర రాజకీయ నాయకత్వానిదే. జీవ, రసాయన ఆయుధాలతో పెద్ద దాడి జరిగితే అణు ప్రతీకారం తీర్చుకునే అవకాశాన్ని అట్టిపెట్టుకున్నందున, ఆ హామీలో ఒక మినహాయింపు మొదటి నుంచీ ఉంది. 2019 ఆగస్టులో రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్ పోఖ్రాన్‌లో మాట్లాడుతూ, ఇప్పటివరకు దీనికి కట్టుబడ్డామని, భవిష్యత్తులో ఏమవుతుందన్నది పరిస్థితులపై ఆధారపడి ఉంటుందని అన్నారు. అధికారిక విధానం మారలేదు.

సంప్రదాయ బలంలో వెనుకబడిన పాకిస్తాన్ అలాంటి హామీ ఇవ్వలేదు. భారత సేనలు చొచ్చుకువస్తే యుద్ధరంగంలోనే వాడేందుకని 60 కిలోమీటర్ల పరిధి గల నస్ర్ క్షిపణిని 2011లో పరీక్షించింది. దీనితో భారత వ్యూహకర్తల ముందు ఒక ప్రశ్న నిలిచింది: అణు భయం పెద్ద యుద్ధాన్ని ఆపితే, ఆ నీడలో చిన్న దాడులకు తెగబడేవారిని ఆపేదెవరు? 1999 కార్గిల్ యుద్ధంలో భారత్ తన వైమానిక దళాన్ని నియంత్రణ రేఖ దాటనివ్వలేదు. 2019లో బాలాకోట్ వరకు వెళ్లింది. 2025 మేలో పాకిస్తాన్‌లోని పంజాబ్ రాష్ట్రం లోపలి లక్ష్యాలను కొట్టింది, కాల్పుల విరమణ తర్వాత మే 12న ప్రధాని మోదీ అణు బ్లాక్‌మెయిల్‌ను సహించబోమన్నారు.

ఆ నాలుగు రోజుల సంఘర్షణలో అంతగా చర్చకు రాని ఘట్టం ఒకటి ఉంది. మే 10న పాకిస్తాన్ సైన్యం, అణ్వాయుధాలను పర్యవేక్షించే జాతీయ కమాండ్ అథారిటీ సమావేశాన్ని ప్రధాని పిలిచారని వెల్లడించింది. కొన్ని గంటల్లోనే రక్షణ మంత్రి, అలాంటి సమావేశం జరగలేదని, జరపాలన్న ఆలోచన కూడా లేదని చెప్పారు. ఒక్క వార్హెడ్ గురించి గానీ, ఒక్క క్షిపణి గురించి గానీ ఎవరూ మాట్లాడలేదు. ఒక సమావేశం జరుగుతుందన్న వార్తే హెచ్చరిక, జరగలేదన్న వార్తే దాని ఉపసంహరణ.

2017లో ట్రంప్, కిమ్ జోంగ్ ఉన్‌ల మాటల యుద్ధాన్ని ఎలా చూడాలి?

షరతు సరిగా లేని హెచ్చరికకు అది నమూనా. ఆ ఏడాది ఆగస్టు 8న ట్రంప్, ఉత్తర కొరియా అమెరికాను ఇంకా బెదిరిస్తూ పోతే ప్రపంచం ఎన్నడూ చూడని ‘అగ్నిజ్వాలలు, ఆగ్రహం’ చవిచూస్తుందన్నారు. ‘బెదిరిస్తే’ అన్నదే షరతు. గంటల వ్యవధిలోనే ఉత్తర కొరియా గువాం ద్వీపంపై బెదిరింపు విడుదల చేసింది, ఏమీ జరగలేదు. సెప్టెంబరు 3న ఆ దేశం తన ఆరో అణు పరీక్షను, అన్నింటికన్నా పెద్దదాన్ని జరిపింది. 2018 కొత్త సంవత్సరం ప్రసంగంలో కిమ్ తన బల్ల మీదే అణు మీట ఉందన్నారు, ట్రంప్ తన మీట ఇంకా పెద్దదన్నారు. ఆ జూన్ 12న ఇద్దరూ సింగపూర్‌లో కరచాలనం చేసుకున్నారు. బెదిరింపుల వల్లే చర్చలు వచ్చాయని ఒక వాదన ఉంది. అయితే కావలసిన పరీక్షలు పూర్తిచేసుకున్నాకే కిమ్ చర్చలకు వచ్చారన్న వాదన నాకు ఎక్కువ సబబుగా తోస్తుంది.

నిరోధం పనిచేస్తోందనడానికి రుజువు ఉందా?

కచ్చితమైన రుజువు ఉండదు. జరగని యుద్ధానికి కారణం ఏమిటని ఏ పత్రాల్లో వెతకాలి? 1945 ఆగస్టు 9 తర్వాత యుద్ధంలో అణ్వాయుధం వాడలేదన్నది వాస్తవం. అది నిరోధం వల్లనా, వాడకూడదన్న నైతిక నిషేధం వల్లనా, అదృష్టం వల్లనా అన్న చర్చ తెగేది కాదు. వియత్నాంలో అమెరికా, అఫ్ఘానిస్తాన్‌లో సోవియట్ యూనియన్ అణ్వాయుధాలు లేని ప్రత్యర్థుల చేతిలో దెబ్బతిని కూడా వాటిని వాడలేదు. అక్కడ అణు ప్రతీకార భయం లేదు కాబట్టి, నిరోధం ఒక్కటే మొత్తం కథ కాదని ఒప్పుకోవాలి.

పొరపాటున అణుయుద్ధం మొదలయ్యే ప్రమాదం ఎంత?

అంకెల్లో చెప్పడం సాధ్యం కాదు గానీ, ప్రమాదం ఎప్పుడు పెరుగుతుందో చెప్పవచ్చు: నేతల మాటలు వేడెక్కి ఉన్నప్పుడు యంత్రం తప్పు చెబితే. 1983 సెప్టెంబరు 26 రాత్రి సోవియట్ ముందస్తు హెచ్చరిక కేంద్రంలో విధుల్లో ఉన్న స్తానిస్లావ్ పెట్రోవ్‌కు, అమెరికా నుంచి మొదట ఒక క్షిపణి, ఆ తర్వాత మరో నాలుగు బయలుదేరినట్లు తెరపై కనిపించింది. అంతకు మూడు వారాల క్రితమే సోవియట్ యుద్ధవిమానం కొరియా ప్రయాణికుల విమానాన్ని కూల్చివేసింది, రెండు రాజధానుల మధ్య మాటలు నిప్పులు చెరుగుతున్నాయి. నిజంగా దాడే అయితే ఐదు క్షిపణులతో ఎవరూ మొదలుపెట్టరన్న తర్కంతో ఆయన దాన్ని తప్పుడు సంకేతంగా నివేదించారు. మేఘాల మీద సూర్యకాంతి ప్రతిఫలించడాన్ని ఉపగ్రహం క్షిపణి మంటలుగా పొరబడింది.

దీనికి భిన్నంగా, 1995 జనవరి 25న నార్వే నుంచి ధ్రువకాంతుల పరిశోధన కోసం ఎగిరిన రాకెట్‌ను చూసి రష్యా రాడార్లు ఉలిక్కిపడి, అధ్యక్షుడు యెల్త్సిన్ ప్రయోగ ఆదేశాలిచ్చే అణు బ్రీఫ్‌కేస్ తెరిచేంతవరకు పోయినప్పుడు, రెండు పక్షాల మధ్య వైరం అంతగా లేదు. నిమిషాల్లోనే అనుమానం తీరిపోయింది. ప్రయోగం గురించి నార్వే ముందే సమాచారం పంపినా, అది రాడార్ సిబ్బందికి చేరలేదు. అలాంటి పొరపాటే 2022 అక్టోబరులో జరిగి ఉంటే?

అణ్వాయుధాలతో బెదిరించడం అంతర్జాతీయ చట్టం ప్రకారం నేరమా?

ఐక్యరాజ్యసమితి చార్టర్‌లోని 2(4) అధికరణ ఏ రకమైన బలప్రయోగంతోనైనా బెదిరించడాన్ని నిషేధిస్తుంది, ఆత్మరక్షణ హక్కును మాత్రం 51వ అధికరణ గుర్తిస్తుంది. 1996 జులై 8న అంతర్జాతీయ న్యాయస్థానం ఇచ్చిన సలహా అభిప్రాయంలో, అణ్వాయుధాల ప్రయోగం గానీ బెదిరింపు గానీ సాధారణంగా చట్ట విరుద్ధమేనని పేర్కొంది. దేశ అస్తిత్వమే ప్రశ్నార్థకమైన తీవ్ర ఆత్మరక్షణ పరిస్థితిలో అది చట్టబద్ధమో కాదో తేల్చలేమంది. న్యాయమూర్తులు ఏడుగురు ఇటు, ఏడుగురు అటు చీలగా, అధ్యక్షుడి నిర్ణాయక ఓటుతో వచ్చిన వాక్యం అది. 2021 జనవరి 22న అమల్లోకి వచ్చిన అణ్వాయుధ నిషేధ ఒప్పందం బెదిరింపును నేరుగా నిషేధించింది, కానీ తొమ్మిది అణ్వస్త్ర దేశాల్లో ఒక్కటీ అందులో చేరలేదు.

బెదిరించుకునే దేశాలు కూడా ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయా?

మాట్లాడుకుంటాయి. 1962 క్యూబా సంక్షోభంలో కెనెడీ, క్రుశ్చేవ్‌ల సందేశాలు చేరడానికి గంటల తరబడి పట్టింది. చివరికి క్షిపణులను వెనక్కి తీసుకుంటున్నామన్న కబురును మాస్కో రేడియోలో బహిరంగంగా చదివి వినిపించవలసి వచ్చింది. మరుసటి ఏడాది ఏర్పడిన హాట్‌లైన్ సినిమాల్లో చూపించే ఎర్ర టెలిఫోన్ కాదు, టెలిప్రింటర్. నోటి మాటలో అపార్థానికి తావుంటుందని రాతనే ఎంచుకున్నారు. భారత్, పాకిస్తాన్‌లు అణు కేంద్రాలపై దాడి చేసుకోకూడదన్న 1988 ఒప్పందం కింద 1992 నుంచి ప్రతి జనవరి 1న ఆ కేంద్రాల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటున్నాయి. 2005 నుంచి బాలిస్టిక్ క్షిపణి పరీక్షలకు ముందు ఒకరికొకరు తెలియజేసుకోవాలన్న ఒప్పందమూ ఉంది. ఆ ఒప్పందం పరిధిలో క్రూయిజ్ క్షిపణులు లేవు. 2022 మార్చి 9న పొరపాటున భారత్ నుంచి వెళ్లి పాకిస్తాన్‌లో పడిన క్షిపణి ఆ రకానిదే.

అమెరికా, రష్యాల మధ్య 1,550 మోహరించిన వార్‌హెడ్ల పరిమితి విధించిన న్యూ స్టార్ట్ ఒప్పందంలో తన భాగస్వామ్యాన్ని రష్యా 2023 ఫిబ్రవరిలో నిలిపివేసింది, తనిఖీలూ సమాచార మార్పిడీ ఆగిపోయాయి. ఖండాంతర క్షిపణుల ప్రయోగాలను ముందే తెలియజేసుకోవాలన్న 1988 నాటి ఒప్పందానికి మాత్రం కట్టుబడి ఉంటామని చెప్పింది. 2024 నవంబరు 21న, అణు విధానాన్ని సవరించిన రెండు రోజులకు, ఒరేష్నిక్ అనే కొత్త క్షిపణిని అణు వార్‌హెడ్ లేకుండా ఉక్రెయిన్‌లోని ద్నిప్రో నగరంపై ప్రయోగించింది. యూరప్ అంతటికీ వినిపించేలా చేసిన హెచ్చరిక అది. ఆ క్షిపణి బయలుదేరడానికి 30 నిమిషాల ముందు, అణు ప్రమాద నివారణ కేంద్రాల మధ్య ఉన్న లైన్ ద్వారా రష్యా ఆ సంగతి అమెరికాకు తెలియజేసింది.